కాల్షీటు ఎవరు ఎవరికిస్తారు?

హాలీవుడ్‌లో కాల్షీటు అంటే ఒక కాగితం. రేపు ఏ సీను తీస్తారు, ఎవరు ఎన్నింటికి రావాలి, మేకప్ ఎక్కడ అన్నీ రాసి కంపెనీవాళ్ళు నటీనటులకు పంపుతారు. మద్రాసు సినిమా పేట కోడంబాక్కంలో ఆ మాట తిరగబడింది. ఇక్కడ కాల్షీటు హీరోగారు నిర్మాతకిస్తారు. "ఆయన పది కాల్షీట్లిచ్చాడు", "ఆవిడ కాల్షీటు దొరికితే రేపే సెట్టు వేయిస్తాం", "ఇచ్చిన కాల్షీట్లు వానకి కొట్టుకుపోయాయి" అంటారు. కాగితం కాస్తా కాలమైపోయింది. కాల్షీటంటే ఒక షిఫ్టు, ఒక నటుడి జీవితంలోంచి కోసి ఇచ్చిన ఒక పూట.

ఎందుకు తిరగబడిందో ఊహించడం కష్టమేమీ కాదు. విజయావారు రామారావుగారిని నెలజీతం ఒప్పందం మీద తీసుకున్న రోజుల్లో నటుడు కంపెనీ మనిషి. కంపెనీ పిలిస్తే రావాలి. తర్వాత కంపెనీ నటులు పోయి, ఒకే నటుడు పొద్దున ఒక స్టూడియోలో రాజుగా, మధ్యాహ్నం ఇంకో స్టూడియోలో రైతుగా నిలబడే కాలం వచ్చింది. అప్పుడు పిలిచే హక్కు చేతులు మారింది. హక్కుతో పాటు మాట కూడా ఇటునించి అటు వెళ్ళిపోయింది. పక్కనే 'డేట్స్' అనే మాట ఉంది. రెండూ ఒకటేననుకుంటారు బయటివాళ్ళు. డేట్స్ అంటే క్యాలెండర్లో తారీఖులు, బేరం కుదిరేటప్పటి మాట. కాల్షీటు లెక్క తేల్చేటప్పటి మాట. డేట్స్ ఇచ్చి కాల్షీటు ఎగ్గొట్టినవాళ్ళు బోలెడుమంది.

నేను కోడంబాక్కం వచ్చింది డబ్బింగ్ చిత్రాలకు మాటలు రాసే ఒక పెద్దాయన దగ్గర నకలు రాసే పనికి. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం బట్టీపట్టి వచ్చినవాణ్ణి. దగ్గర దగ్గర అర్థాలున్న ఇంగ్లీషు మాటలు రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, దీన్ని ఇక్కడ వాడాలి, దాన్ని అక్కడ వాడాలి అని చెప్పే పాఠాలంటే నాకు మహా ఇష్టం. ఆర్కాట్ రోడ్డు మీద చెవినపడ్డ ఇంగ్లీషులో ప్రతి మాటా నాకు తెలిసినదే, ఒక్కటీ తెలిసిన అర్థంలో లేదు. పుస్తకంలో రెండు మాటల మధ్య తేడా నిర్వచనంలో ఉంటుంది. ఇక్కడ ఆ తేడా పనిలో ఉండేది. ఎవరు ఎవరికి డబ్బివ్వాలి, సెట్లో ఎవరు ఎక్కడ నిలబడాలి, టైటిల్ కార్డులో ఎవరి పేరు ముందు పడాలి, ఈ మూడూ తేలితే అర్థం దానంతట అదే తేలిపోయేది.

కోడంబాక్కం అని పేరే గానీ, స్టూడియోలు వడపళని, సాలిగ్రామం దాకా పరుచుకుని ఉండేవి: వాహినీ, ఏవీఎం, భరణి, ప్రసాద్. (ఆర్కాటు నవాబుల గుర్రాల తోట, 'ఘోడా బాగ్', అరిగి కోడంబాక్కం అయిందంటారు. నిజమో కాదో గానీ, మాటల్ని అరగదీయడంలో ఈ ఊరికి పూర్వానుభవం ఉందనిపిస్తుంది.) ఒకే ఫ్లోరులో తెలుగు దర్శకుడు, తమిళ లైట్‌మన్, మలయాళీ మేకప్‌మన్, కన్నడ నటుడు, బొంబాయి నుంచి వచ్చిన కెమెరామన్ ఉండేవారు. యంత్రాలన్నీ సీమ సరుకు. ఇంతమందికి ఉమ్మడిగా ఒక భాష కావాలి. ముచ్చట్లాడుకోవడానికి అక్కర్లేదు, అరిచి పనిచేయించుకోవడానికి. అందుకని ఇంగ్లీషు నుంచి నామవాచకాలు మాత్రమే తెచ్చుకున్నారు. క్రియలు ఎవరివి వాళ్ళవే.

వీటిలో నాకు బాగా నచ్చింది 'కో-డైరెక్టర్'. ఇంగ్లీషులో ఇద్దరు కలిసి సమానంగా సినిమా తీస్తే వాళ్ళు కో-డైరెక్టర్లు. మా దగ్గర కో-డైరెక్టర్ అంటే సహాయకులందరిలో పెద్దవాడు. డైరెక్టరుగారి కింద కో-డైరెక్టర్, ఆయన కింద అసోసియేట్, ఆ కింద అసిస్టెంట్లు, అందరికీ అడుగున క్లాప్ కొట్టే అప్రెంటిస్. తమిళులు దీనికి ఇణై, తుణై, ఉదవి అని మూడు మెట్లు కట్టుకున్నారు. ఇంగ్లీషులో అసోసియేటుకీ అసిస్టెంటుకీ ఉన్న తేడా తోడుగా ఉండేవాడికీ సాయం చేసేవాడికీ ఉన్న తేడా అంటుంది నిఘంటువు. సెట్లో అడిగితే ఇంకా తేలిగ్గా చెబుతారు. అసోసియేట్ కుర్చీలో కూర్చోవచ్చు, డైరెక్టరు లేనప్పుడు. అసిస్టెంటుకి కుర్చీ లేదు. కో-డైరెక్టరుకి కుర్చీ ఉంటుంది గానీ కూర్చునే తీరిక ఉండదు. జనం సీన్లలో వెనకాల నడిచేవాళ్ళు ఎటు నడవాలి, నిన్నటి షాటులో హీరోయిన్ చేతికి గాజులెన్ని, మధ్యాహ్నం ఏనుగు వస్తుందా రాదా, అన్నీ ఆయన నెత్తిమీదే.

ఇది తప్పు ఇంగ్లీషు అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళని నేను కో-పైలట్ గురించి అడుగుతాను. కో-ఆథర్ సమానుడే, ఒప్పుకున్నాం. మరి కో-పైలట్? విమానంలో ఆయన రెండోవాడే కదా. కోడంబాక్కం వాళ్ళు రచయితల వరసని వదిలి వైమానికుల వరసని పట్టుకున్నారు, అంతే. నిజంగా ఇద్దరు సమానంగా దర్శకత్వం వహించిన సందర్భం ఈ వీధుల్లోనే ఉంది. ఏవీఎంలో 'పరాశక్తి' (1952) తీసిన కృష్ణన్, పంజు. తెలుగులో 'లేత మనసులు' (1966) కూడా వాళ్ళదే. వాళ్ళిద్దర్నీ ఇక్కడెవరూ కో-డైరెక్టర్లనలేదు. పేర్ల మధ్య ఒక అడ్డగీత పెట్టి 'కృష్ణన్-పంజు' అని ఒకే మనిషిని చేసేశారు. సమానత్వానికి అడ్డగీత చాలింది. 'కో' అనే అక్షరాన్ని కష్టపడేవాడికి వదిలిపెట్టారు.

ఇక సెట్లోకి వెళితే రిహార్సల్, మానిటర్, టేక్ అని మూడు మాటలు వరసగా వినిపించేవి. రిహార్సల్ అందరికీ తెలుసు. ఈ మధ్యలో మానిటర్ ఏమిటని కొత్తగా వచ్చిన ప్రతివాడూ తికమకపడేవాడు. అప్పటికి సెట్లో బొమ్మ చూపించే టీవీ పెట్టెలు రాలేదు. మానిటర్ అంటే ఆఖరి రిహార్సల్: లైట్లన్నీ వెలిగించి, ట్రాలీ కదిలించి, నటులు గొంతెత్తి పూర్తిగా మాట్లాడుతుంటే సౌండు ఇంజనీరు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని స్థాయి చూసుకునేవాడు. కెమెరాలో ఫిల్ము మాత్రం తిరిగేది కాదు. ఆ 'మాత్రం'లోనే ఉంది మాట పుట్టుక. ముడి ఫిల్ము విదేశీ మారకంతో వచ్చే సరుకు. వెయ్యడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని ఖర్చు లేని అభ్యాసానికీ, ఖర్చయ్యే టేకుకీ మధ్య ఒక గుమ్మం కావాల్సొచ్చింది. "ఇంకో మానిటర్ చూద్దామండీ" అని దర్శకుడు అన్నాడంటే నమ్మకం కుదరలేదన్నమాట. "మానిటర్ వద్దు, టేక్" అన్నాడంటే ఎదుట ఉన్నది సావిత్రిగారి వంటి నటి అయి ఉండాలి, లేదా సూర్యుడు దిగిపోతూ ఉండాలి. బాగా రాని టేకుని 'ఎన్.జి.' అనేవారు, 'నో గుడ్'కి పొట్టిపేరు. అది కూడా మర్యాదే. పదిమందిలో ఒక పెద్దనటుణ్ణి బాగోలేదనడం కన్నా రెండక్షరాలు పలకడం నయం.

షాటుకీ టేకుకీ తేడా చెప్పమని ఎవర్నీ అడగనక్కర్లేదు, క్లాప్ బోర్డు మీద రెండింటికీ వేరు వేరు గళ్ళుంటాయి. ఒక్క షాటుకి ఎన్ని టేకులయినా కావచ్చు. అదే 'టేకింగ్' అనగానే మాట ఇంకో ఇంట్లో తేలుతుంది. "కథ పాతదే గానీ టేకింగ్ బాగుంది" అంటే దర్శకుడు తీసిన తీరు బాగుందని. ఈ అర్థం ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరకదు. ఈ తరం దాన్ని 'మేకింగ్' చేసేసింది. రెండూ ఒకటి కాదు, చూస్తే తెలుస్తుంది. టేకింగ్ అన్నప్పుడు మెప్పు దర్శకుడికి వెళ్ళేది. మేకింగ్ అన్నప్పుడు నిర్మాత పెట్టిన డబ్బుకి కూడా కొంత చేరుతుంది.

నా పని డబ్బింగులో గనక ఆ మాటల దగ్గర కాస్త ఆగుతాను. వెర్షన్, రీమేక్, డబ్బింగ్. బయటివాళ్ళకి మూడూ ఒకటే: ఒక కథ, రెండు భాషలు. ఇక్కడ మూడింటికీ మూడు రకాల జీతాలు, మూడు రకాల గౌరవాలు. 1955లో విజయావారు 'మిస్సమ్మ' తీస్తూ అదే సెట్లలో తమిళంలో 'మిస్సియమ్మ' తీశారు. తెలుగులో రామారావుగారు నిలబడ్డ చోట తమిళంలో జెమినీ గణేశన్ నిలబడ్డారు, సావిత్రిగారు రెండింటిలోనూ ఉన్నారు. దర్శకుడు రెండింటికీ ఎల్.వి. ప్రసాద్‌గారే. అది వెర్షన్. అదే కథ రెండేళ్ళకి హిందీలో 'మిస్ మేరీ' అయితే అది రీమేక్. 'రాముడు-భీముడు' (1964) తీసిన తాపీ చాణక్యగారు మరుసటి ఏడు ఎం.జి.ఆర్.తో 'ఎంగ వీట్టు పిళ్ళై', 1967లో దిలీప్‌కుమార్‌తో 'రామ్ ఔర్ శ్యామ్' తీశారు. తను తీసిన సినిమాని తనే మళ్ళీ మళ్ళీ తీసిన దర్శకుణ్ణి తిరిగి తీశాడంటామా, కొత్తగా తీశాడంటామా? మాట ఒకటే గానీ అందులో రెండు పనులున్నాయి.

డబ్బింగ్ ఈ మూడింటిలో కడజాతి. నటుడు అక్కడివాడే, సెట్టు అక్కడిదే, పెదవులూ అక్కడివే; మాట మాత్రం మనది. తెలుగులోకి డబ్బయిన మొదటి చిత్రం 'ఆహుతి' (1950). హిందీ నుంచి వచ్చింది. దానికి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. అంతటి కవి పోస్టరు మీద లేని పెదవులకు కూడా పదాలు వెతికాడంటే ఈ పనికి వేరే పరువు అక్కర్లేదని మా పెద్దాయన అనేవారు.

ఆ వెతుకులాట ఎలా ఉండేదంటే, సినిమాని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, రెండు కొసలూ అతికించి చుట్ట చేసేవారు. దాన్ని 'లూప్' అనేవారు. చీకటి గదిలో ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉండేది. ప, బ, మ వచ్చిన చోట తెరమీద పెదవులు మూసుకుంటాయి. అక్కడ మన మాటలో కూడా మూసుకోవాలి. ఒకసారి తెరమీద హీరోయిన్ "వేండాం" అంటుంది. తమిళంలో వద్దు అని. "వద్దు" అంటే చివర పెదవులు సున్నాలా మిగులుతాయి, అక్కడేమో ఆవిడ నోరు బిగించేసింది. "అక్కర్లేదు" పొడుగు. "మానెయ్" మొదట్లోనే మూసుకుంటుంది. లూప్ తిరుగుతూనే ఉంది. మా పెద్దాయన కళ్ళు మూసుకుని, నెమ్మదిగా, "దండం" అన్నారు. రెండు చేతులూ జోడించి "నీకో దండం" అంటామే, ఆ దండం. పెదవీ కుదిరింది, విసుగూ కుదిరింది, అసలు తమిళంలో లేని తెలుగు కూడా వచ్చి చేరింది.

ఆ డబ్బింగ్ అనే మాటకే ఇంకో కాపురం ఉంది. తెలుగు సినిమాలో నటించిన తెలుగు నటుడు షూటింగ్ అయ్యాక వచ్చి తన మాటలు తనే చెప్పుకున్నా డబ్బింగే. "ఆయన డబ్బింగ్ చెప్పాడు" అంటే గొంతు ఆయనదే. "అది డబ్బింగ్ సినిమా" అంటే గొంతు తప్ప ఏదీ మనది కాదు. ఒకే మాట సొంత గొంతుకీ అద్దె గొంతుకీ సరిపోయింది, తికమక ఎవరికీ కలగలేదు. ఇంతకన్నా విచిత్రం రీరికార్డింగ్. ఇంగ్లీషులో దాని అర్థం మాటలు, పాటలు, చప్పుళ్ళు అన్నీ కలిపి ఒకే ట్రాకుగా మళ్ళీ ఎక్కించడం. హాలీవుడ్‌లో రీరికార్డింగ్ మిక్సర్ అని ఆ పని చేసేవాడికే పేరు. మన దగ్గర రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతం, ముద్దుగా 'ఆర్.ఆర్.'. కలిపే పనికి విడిగా 'మిక్సింగ్' అని పెట్టుకున్నాం. ఎలా జారిందో నా ఊహ నేను చెబుతాను. తెర మీద బొమ్మ నడుస్తుంటే వాద్యబృందం ఎదురుగా కూర్చుని వాయించేవారు. మాటలు ఒకసారి రికార్డయ్యాయి, పాటలు ఒకసారి రికార్డయ్యాయి, ఇది మళ్ళీ ఇంకోసారి. ఆ 'మళ్ళీ' అన్నదే వాయించేవాళ్ళకి కనబడింది. మిక్సింగ్ గదిలో ఒక్కడు కూర్చుని మీటలు తిప్పడం ఎవరి కంటా పడలేదు.

డూప్ సంగతి మా తమ్ముడి కూతురు ఎత్తింది. ఆ పిల్ల ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. "పెదనాన్నా, డూప్ అంటే మోసపోయినవాడు. గుర్రం మీంచి దూకేవాణ్ణి డబుల్ అనాలి" అంది. అనొచ్చు, కానీ డబుల్‌ని మేం అప్పటికే ఇంకోచోట ఖర్చుపెట్టేశాం. 'డబుల్ యాక్షన్' అంటే ద్విపాత్రాభినయం, రాముడూ భీముడూ ఒకడే కావడం. ఒకడు ఇద్దరుగా కనిపిస్తే డబుల్, ఇద్దరు ఒకడిగా కనిపిస్తే డూప్. ఇంత శుభ్రమైన విభజన ఆ పిల్ల పుస్తకాల్లో కూడా దొరకదు. పైగా డబుల్ యాక్షన్ సినిమాలో ఇద్దరు రామారావులూ పక్కపక్కన నడవాలంటే, కెమెరాకి వీపు తిప్పి నిలబడేవాడు డూపే. మోసపోయినవాడు ఎవరమ్మా అంటే, గుర్రం మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుని, తెరమీద తన ముఖం ఒక్క లిప్త కూడా కనబడనివాడు. అంచేత నిఘంటువు అర్థం కూడా పూర్తిగా పోలేదు.

డబ్బు దగ్గరికొచ్చేసరికి మాటలు ఇంకా పదునెక్కుతాయి. హీరోకి ఇచ్చేది రెమ్యూనరేషన్. సాంకేతిక నిపుణుడికి ఇచ్చేది పేమెంట్. ఆఫీసు గుమాస్తాకి జీతం. లైట్‌మన్‌కి, డ్రైవరుకి, మేకప్ సహాయకుడికి బేటా, ఏ రోజుకారోజు సాయంత్రం కవరులో. హీరోగారికి బేటా ఇస్తామనడం అవమానం. లైట్‌మన్‌కి రెమ్యూనరేషన్ అన్నామంటే ఆరునెలల దాకా రాదేమోనని భయపడతాడు. తమాషా ఏమిటంటే ఈ బేటా ఇంగ్లీషు మాట కాదు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు దండు కదిలితే సైనికులకిచ్చే అదనపు భత్యాన్ని 'బత్తా' అని ఇక్కడి మాటతోనే పిలిచి, తమ ఇంగ్లీషు లెక్కల్లో రాసుకున్నారు. కోడంబాక్కంలో ఇప్పటికీ అవుట్‌డోర్ వెళితే బేటా పెరుగుతుంది.

గుంపులో నిలబడేవాళ్ళని ఒకప్పుడు ఎక్స్‌ట్రాలనేవారు. ఇంగ్లీషులో ఇప్పటికీ అదే మాట, అందులో తప్పేమీ లేదు. ఇక్కడ ఆ మాటకి దుమ్ము పట్టింది, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో. 'జూనియర్ ఆర్టిస్ట్' అని మార్చుకున్నారు. పాతికేళ్ళుగా పనిచేస్తున్న ముసలాయన కూడా జూనియరే, మొన్న వచ్చిన హీరో సీనియర్ ఆర్టిస్టులచేత దండం పెట్టించుకుంటాడు. ఏ మాటైనా ఒకటే కూలి అనుకోవడానికి లేదు. 'ఆర్టిస్ట్' అనే భాగం కోసం వాళ్ళు 'జూనియర్' అనే భాగాన్ని భరిస్తున్నారు.

'సెన్సార్' సంగతి చెప్పాలంటే అది ఢిల్లీ పెట్టిన పేరు, ఢిల్లీయే మార్చింది. 1952 చట్టం కింద నడిచే బోర్డు 1983లో 'సర్టిఫికేషన్' బోర్డయింది. కత్తిరించే సంస్థ కాదు, ఎవరు చూడదగ్గదో చెప్పి పత్రం ఇచ్చే సంస్థ అని దాని భావం. యూ, ఏ కాక మధ్యలో యూ/ఏ కూడా అప్పుడే వచ్చింది. కోడంబాక్కంలో ఇప్పటికీ సినిమా సెన్సారవుతుంది. "సర్టిఫికేషన్ అయిందా?" అని అడిగినవాణ్ణి నేనింతవరకు వినలేదు. కత్తెర పోలేదు గనక పేరూ పోలేదు.

బ్రౌన్ దొర 1854లో ఇదే మద్రాసులో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకీ, కచేరీల మిశ్రభాషకీ విడిగా ఒక నిఘంటువు అచ్చువేయించాడు. పండితులు చీదరించుకునే మాటలని అకారాదిగా పేర్చి పెట్టాడు. స్టూడియోల మాటలకి అలాంటి పని ఎవరూ చేసినట్టు నాకు తెలియదు. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళినప్పుడు కెమెరాలూ, ఆఫీసు బల్లలూ లారీల్లో వెళ్ళాయి. ఈ మాటలు మనుషుల నోళ్ళలో వెళ్ళాయి. వాహినీ ఫ్లోర్లున్న చోట ఇప్పుడు ఆస్పత్రీ, మాలూ ఉన్నాయి. కో-డైరెక్టర్ మాత్రం ఫిల్మ్‌నగర్లో క్షేమంగా ఉన్నాడు, ఇంకా కూర్చోలేదు.

అలాంటి నిఘంటువే ఎవరైనా వేస్తే 'ప్రొడక్షన్' దగ్గర జాగ్రత్తపడాలి. ప్రొడ్యూసరుకీ డైరెక్టరుకీ తేడా ఏమిటని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. ప్రొడ్యూసరుకీ ప్రొడక్షనుకీ తేడా అడగాలని ఎవరికీ తోచదు. ప్రొడ్యూసరు సినిమా నిర్మిస్తాడు. ప్రొడక్షన్ అంటే ఇడ్లీ. పొద్దున్నే స్టీలు క్యారియర్లతో వ్యాను దిగేవాళ్ళు ప్రొడక్షన్ వాళ్ళు. పదకొండింటికి పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని, కేబుళ్ళు తొక్కకుండా, షాటు మధ్యలో అడ్డం రాకుండా టీ అందించేవాడు ప్రొడక్షన్ బాయ్, వయసు అరవై అయినా సరే. ఏ కంపెనీలో చికెన్ వేస్తారు, ఏ కంపెనీలో మజ్జిగతో సరిపెడతారు అన్నది సాలిగ్రామంలో సినిమా ఎలా ఆడిందన్నదానికన్నా ముందు తెలిసిపోయేది. "ఆ పిక్చర్‌కి ప్రొడక్షన్ బాగాలేదండీ" అని లైట్‌మన్ అన్నాడంటే నిర్మాణ విలువలు పడిపోయాయని కాదు, సాంబారు పలచబడిందని.